ఏడు అని రాసిన సీసా

పదేళ్ల కిందట, జూన్ మొదటి వారంలో, నన్ను ఖనిజ పరీక్షశాల నుంచి మంచినీటి పరీక్షశాలకు మార్చారు. బస్తర్‌లో, ఇనుపరాయి తవ్వే కొండల కింద ఉన్న ఒక కంపెనీ టౌన్‌షిప్ అది. పేరు రాయడం లేదు. నా హోదా మారలేదు, సీనియర్ కెమిస్టునే. కాని నాకంటే ఆరేళ్లు చిన్నవాడికి ఖనిజ పరీక్షశాల అప్పగించి, నాకు నీళ్లు అప్పగించారు. ఉత్తర్వులో నా ఇంటిపేరు కూడా తప్పు టైపు చేశారు. సవరించమని మూడుసార్లు రాశాను, సవరించలేదు. ఆ కాపీ ఇప్పటికీ నా దగ్గర ఉంది.

నీటి పరీక్షశాల అంటే రెండు గదులు, ఒక సింకు, ఒక పాత పీహెచ్ మీటరు, ఒక సహాయకుడు. సహాయకుడి పేరు మడకం జోగా. కిష్టారం వైపు దోర్లా తెగ మనిషి, నలభై దాటినవాడు, కాంట్రాక్టు మీద పనిచేసేవాడు. మాతో తెలుగు, కాపలావాళ్లతో హిందీ, కూరగాయలవాళ్లతో హల్బీ మాట్లాడేవాడు. చెప్పిన పని చెప్పినట్టు చేసేవాడు. ఈ చివరి మాట ఎందుకు రాశానో ముందు ముందు తెలుస్తుంది.

మా పని ఏమిటో కొంచెం చెప్పాలి. కొండవాగు నీటిని పటికతో శుద్ధి చేసేవాళ్లం. పటిక నీళ్లలో కరిగి, బురదను ముద్దలుగా పట్టుకుని అడుగుకు దింపుతుంది. ఆ క్రమంలో నీటిని ఆమ్లంగా మారుస్తుంది. ఎంత ఆమ్లమయిందో చెప్పే కొలతే పీహెచ్. ఏడు అంటే తటస్థం. కింద ఆమ్లం, పైన క్షారం. ఒక్క అంకె తగ్గితే ఆమ్లం పదిరెట్లు పెరిగినట్టు. తాగే నీరు ఆరున్నరకు తగ్గకూడదు. తగ్గుతుంటే సున్నంనీళ్లు కలిపి పైకి తేవాలి.

మైదానపు నదుల్లో సహజంగా బైకార్బొనేట్ ఉంటుంది. కొంత ఆమ్లం పడినా అది మింగేసి పీహెచ్‌ను నిలబెడుతుంది. అలా నిలబెట్టే గుణాన్నే బఫర్ గుణం అంటాం. మన రక్తంలో ఉన్నదీ అదే. మా కొండవాగు నీటికి ఆ గుణం చాలా తక్కువ. వాన పడితే అసలే ఉండదు. రెండు పిడికిళ్ల పటిక ఎక్కువైతే చాలు, పీహెచ్ కూలబడుతుంది. అందుకే గంటగంటకూ కొలవాలి.

కొలిచే మీటరును నమ్మాలంటే దానికి రోజూ నిజం చూపించాలి. దానికి పనికివచ్చేవి బఫర్ ద్రావణాలు. చిన్న పొట్లంలోని పొడిని డిస్టిల్డ్ వాటర్‌లో కరిగిస్తే ఒకటి కచ్చితంగా నాలుగు, ఇంకొకటి కచ్చితంగా ఏడు అవుతుంది. చెయ్యి తగిలినా, చుక్క నీరు పడినా ఆ అంకె కదలదు. మీటరును మొదట ఏడులో ముంచి ఒక మర, తర్వాత నాలుగులో ముంచి రెండో మర తిప్పి సరిచేస్తాం. బీకరులో పోసుకుని వాడిన బఫరును పారబోయాలి. మేం నేర్చుకున్న పద్ధతి అది.

జూన్ చివర్లో జరిగిన నెలవారీ సమావేశంలో బఫర్ పొట్లాలు కొనిపెట్టమని ఇండెంటు పెట్టాను. స్టోర్స్ మేనేజరు మూర్తిగారిది కాకినాడ వైపు. మంచి మాటకారి. కాగితం చూసి, అందరూ వినేలా అన్నారు.

"నీళ్లు కొలవడానికి మళ్లీ నీళ్లు కొనాలా, కెమిస్టుగారూ? వాడినవి తిరిగి సీసాలో పోసుకోండి. అమృతమేం కాదుగా, ఎంగిలయిపోడానికి."

అందరూ నవ్వారు. నా స్థానంలోకి వెళ్లిన కుర్ర కెమిస్టు కూడా నవ్వాడు. వాడికి ఆ మాట తప్పని తెలుసు. తెలిసీ నవ్వాడు. మూర్తిగారు ఎర్రసిరాతో ఆ వరస కొట్టేశారు.

నేను పరీక్షశాలకు తిరిగి వచ్చి ఒక ఆదేశం రాశాను. "స్టోర్స్ విభాగం సూచన మేరకు, నేటి నుంచి బఫర్ ద్రావణం ఒక్క చుక్క కూడా పారబోయరాదు. వాడినది సీసాలోకే తిరిగి పోయవలెను." సంతకం చేసి, ముద్ర వేసి, మీటరు పైన గోడకు అంటించాను. వాళ్ల మాటను అక్షరాలా అమలు చేసి, దాని ఫలితం వాళ్లకే చూపించాలని నా ఉద్దేశం. ఏదో ఒకనాడు ఎవరో ఒక పెద్ద అధికారి వస్తాడు, ఆ కాగితం చదువుతాడు, అడుగుతాడు. అప్పుడు చెబుదామనుకున్నాను.

జోగా ఆ కాగితం చదివి, "పారబొయ్యొద్దంటే బొయ్యను సార్, నాదేం పోయింది" అన్నాడు.

ఆగస్టులో వానలు ముదిరాయి. గని వాలుల మీది ఎర్రమట్టి వాగులోకి దిగింది. షిఫ్టు ఆపరేటర్లు పటిక పెంచారు. నీరు తేరలేదు. ఇంకా పెంచారు. మీటరు మాత్రం ఆరున్నర, ఆరు పాయింటు ఆరు అని చూపిస్తూనే ఉంది. కాబట్టి సున్నం అవసరం లేదని వదిలేశారు. క్వార్టర్లలో కుళాయిలనుంచి ఎర్రనీళ్లు వస్తున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. వేరే ఊళ్లో అయితే నీళ్లు ఇనుప పైపులను తినేస్తున్నాయేమో అని ఎవరో ఒకరు అనుమానించేవారు. ఇనుపరాయి తవ్వే ఊళ్లో, వానాకాలంలో, ఎర్రనీళ్లు చూసి ఎవరనుమానిస్తారు? కొండ దిగివస్తోంది అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

రిజిస్టరులో పీహెచ్ నాలుగు బఫరుకు నింపాల్సిన వరస ఎనిమిది రోజులుగా ఖాళీగా ఉంది. రోజూ చూశాను. రోజూ సంతకం చేశాను. నాలుగు బఫరు అయిపోయింది, ఇక మీటరును ఒక్క ఏడుతోనే సరిచేస్తున్నారన్న మాట. నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, ఆ ఖాళీ వరస చూసి నాకు లోపల తృప్తిగానే ఉండేది. నా ఫిర్యాదుకు సాక్ష్యం సిద్ధమవుతోంది అనుకున్నాను.

తొమ్మిదో రోజు గురువారం. మధ్యాహ్నం భోజనమయ్యాక జోగా గ్లాసు కడిగి బోర్లిస్తూ మామూలుగా అన్నాడు.

"నీళ్లు వగరుగున్నయి సార్. పచ్చి తునికి కాయ కొరికినట్టుంది. నోరు గుంజుతాంది."

"ఎప్పటినుంచి?"

"మూన్నాలుగు రోజులాయె. మా ఆడది గూడ అన్నది. నీ పటిక నీళ్లు నువ్వే తాగు, నేను బోరింగుకు బోత అన్నది."

కరిగిపోయిన పటిక వగరుగా ఉంటుంది. పటికలో ఉండి, ముద్దకట్టి అడుగుకు దిగాల్సిన అల్యూమినియం దిగకుండా నీళ్లలోనే ఉండిపోతేనే ఆ రుచి వస్తుంది. ఆరున్నర దగ్గర అలా జరగదు. మీటరు చూశాను. ఆరు పాయింటు ఐదు. మళ్లీ చూశాను. అంతే.

బీరువాలో వెనకాల మిథైల్ రెడ్ సీసా ఉంది. రంగు మారే పాత సూచిక ద్రావణం, కాలేజీ పిల్లలు వాడేది. నీరు ఆరున్నర దగ్గర ఉంటే అది పసుపుగా ఉండాలి. పరీక్షనాళికలో కుళాయి నీళ్లు పట్టి రెండు చుక్కలు వేశాను. ఎర్రబడింది. అంటే ఐదుకు అటూ ఇటూ. నాళిక కడిగి మళ్లీ చేశాను, మళ్లీ ఎర్రబడింది.

అప్పుడు మీటరు పక్కనున్న సీసా తీశాను. మీద జోగా అక్షరాలతో ఏడు అని రాసి ఉంది. అందులోంచి కొంచెం తీసి అదే చుక్క వేశాను. నిజంగా ఏడయితే పసుపు రావాలి. నారింజ రంగు వచ్చింది. ఆ సీసాలో ఉన్నది ఐదున్నరకు ఎక్కువ లేదు. దాన్ని ఏడని నమ్మించి, మీటరుతో ఎనిమిది రోజులుగా మేం అబద్ధం చెప్పిస్తున్నాం.

"ఈ సీసాలో ఏం పోశావు జోగా?"

వాడు తడుముకోలేదు. "ఏంది సార్, మీరు చెప్పినట్టే జేసిన. ఆమధ్య సేఫ్టీ ఆఫీసర్లొచ్చే ముందురోజు జూస్తే రెండు సీసల మీద చీటీలు తేమకు ఊడిపొయ్యి ఉన్నయి. చీటీ లేని సీస కనబడితే రాసుకపోతరు గదా. రెండూ సగం సగమే ఉన్నయి, రెండూ నీళ్లలెక్కనే ఉన్నయి. పారబొయ్యొద్దని కాయితం ఉండె. అందుకని ఒక్కదాంట్ల గలిపి కొత్త చీటీ అంటిచ్చిన."

గోడమీది కాగితం కేసి చూపించాడు. నేను చూడలేదు. దానిమీద ఏముందో నాకు తెలుసు.

నాలుగునూ ఏడునూ కలిపితే బఫరు గుణం పోదు. అదే దానిలో మోసం. కొత్తగా వచ్చిన తప్పుడు అంకెనే అది గట్టిగా పట్టుకుని నిలబెడుతుంది. రోజూ అదే అంకె, కదలకుండా. కదిలితే ఎవరికైనా అనుమానం వచ్చేది.

ఊరంతా ఆ నీళ్లు తాగిందని భయం వేయలేదు. ఆరోగ్యవంతుడు అలాంటి నీళ్లు వారంరోజులు తాగినా, ఆ అల్యూమినియం చాలావరకు కడుపులోంచే బయటికి పోతుంది. నాకు భయం వేసింది వేరేచోట. మా ఆసుపత్రిలో డయాలసిస్ మెషీన్లు రెండు ఉన్నాయి. తాగితే నీళ్లకూ రక్తానికీ మధ్య కడుపు అడ్డం ఉంటుంది. డయాలసిస్‌లో ఒక పలచని పొర తప్ప ఏమీ ఉండదు. ఒక్కో విడతకు నూరు లీటర్లకు పైగా నీరు ఆ పొర అవతల ప్రవహిస్తుంది. అల్యూమినియం రక్తంలోకి వెళితే ఎముకల్లోకీ మెదడులోకీ చేరుతుంది. ముందు మాట తడబడుతుంది, తర్వాత చేతులు అదురుతాయి. ఆ తర్వాతిది రాయను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక శిక్షణ తరగతిలో విన్నాను. విన్నప్పుడు అది మనకు కాదులే అనుకున్నాను.

ఆసుపత్రిలో ఆర్‌ఓ యూనిట్ ఉంది, నీటిలో కరిగినవాటిని వడకట్టేది. కాని దాని పొర పాతదైపోయిందని అందరికీ తెలుసు. మంగళ, గురు, శని వారాల్లో మధ్యాహ్నం డయాలసిస్. ఈ ఎనిమిది రోజుల్లో మూడు విడతలు అయిపోయాయి. నాలుగోది ఆ గంటలో నడుస్తోంది. రోగి ఒక్కరే. రాజ్యలక్ష్మిగారు. స్టోర్స్ మూర్తిగారి భార్య.

ఫోన్ ఎత్తాను, పనిచేయలేదు. సెల్‌ఫోన్‌కు వాన మొదలైన దగ్గర్నుంచీ సిగ్నల్ లేదు. ఆపరేటరుతో టౌన్‌షిప్ నీటి వాల్వు మూయమని చెప్పి, ఒక సీసాలో నీళ్లు పట్టుకుని స్కూటరు తీశాను. ప్లాంటుకూ ఆసుపత్రికీ మధ్య రెండు కిలోమీటర్లు. మధ్యలో భద్రతా బలగాల చెక్‌పోస్టు. ఆ వారం తర్రెం వైపు ఏదో గొడవ జరిగిందని తనిఖీ గట్టిగా ఉంది. జవాను నా సంచిలోంచి సీసా తీసి వెలుతురుకు పట్టి చూశాడు. ఏమిటని అడిగితే నీళ్లన్నాను. నీళ్లయితే ఇంత హడావుడి దేనికన్నాడు. ఐడీ కార్డు చూపించాను. కార్డులో నా ఇంటిపేరు ఒకలా, ఉత్తర్వు చూసి అచ్చువేసిన గేటుపాసులో ఇంకోలా ఉన్నాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు.

"పీకే దిఖాయియే, సాబ్" అన్నాడు, సీసా నా చేతికిస్తూ. తాగి చూపించమని.

వానలో నిలబడి తాగాను. నోరు గుంజింది. తునికి కాయ. జోగా అబద్ధం ఆడడు. పన్నెండు నిమిషాలు పోయాయి అక్కడ. చేతి గడియారం చూసుకుంటూనే ఉన్నాను.

డయాలసిస్ గది బయట బెంచీ మీద మూర్తిగారు కూర్చుని ఉన్నారు. తడిసిపోయి పరుగున వస్తున్న నన్ను చూసి లేచారు.

"ఏవండీ, ఇక్కడికి కూడా వచ్చేశారా? మీ ఇండెంటు సంగతి ఆఫీసులో చూసుకుందాం. ఇవాళ వదిలేయండి."

ఆయన పక్కనుంచి లోపలికి వెళ్లాను. అది నేను ఆయనకు చేసిన అవమానమే. దాన్నీ గుర్తుపెట్టుకున్నాను.

లోపల సిస్టర్ అనిత ఉంది. రాయపూర్ దగ్గరి అమ్మాయి, డయాలసిస్ పనంతా తనే చూసేది. మెషీన్ ఏమైనా మోగిందా అని అడిగాను. లేదంది. మోగదని నాకు తెలుసు. మెషీన్ పీహెచ్ చూస్తుంది, కాని ఆ నీటిలో తనే బైకార్బొనేట్ కలుపుకుంటుంది. ఆ బఫరు పడగానే అంతా సరిగ్గా కనిపిస్తుంది. అల్యూమినియం ఎక్కడా కనిపించదు. ఆర్‌ఓ రిజిస్టరు చూపించమన్నాను. దాంట్లో నీటి వాహకత, అంటే వడపోత తర్వాత కూడా నీళ్లలో ఎంత మిగిలిందో చెప్పే అంకె, రోజురోజుకూ పెరిగి ఉంది.

"హఫ్తే భర్ సే బఢ్ రహా హై, సర్. మైనే లిఖ్‌కర్ దియా థా" అంది. వారంనుంచి పెరుగుతోందని, రాసిచ్చానని. తన కాగితానికి ఎవరూ జవాబివ్వలేదు. ఆ ఊళ్లో అలా కాగితాలు రాసేవాణ్ని నేనొక్కణ్నే అనుకునేవాణ్ని.

రాజ్యలక్ష్మిగారు మెలకువగానే ఉన్నారు. చేతికి ట్యూబులున్నాయి, రక్తం బయటికి వెళ్లి తిరిగి లోపలికి వస్తోంది.

"ఏవిటి అన్నయ్యగారూ, మీ మొహం అలా ఉంది? వానలో తడిశారా? ఆయన్ని తువ్వాలు ఇమ్మనండి."

ఆమె ఒక్కో మాటా జాగ్రత్తగా విన్నాను. ఎక్కడా తడబడలేదు. ఐనా నమ్మకం కుదరలేదు.

డాక్టరుగారు వచ్చారు. నేను చెప్పింది ఆయన రెండు నిమిషాల్లో అర్థం చేసుకున్నారు. విడత ఇంకా రెండు గంటలు మిగిలి ఉంది. ఆపితే ఒంట్లో నీరూ పొటాషియమూ మిగిలిపోతాయి, అదీ ప్రమాదమే. ఆపకపోతే ఆసుపత్రి ట్యాంకులోని ఆ నీరు ఇంకో ఏభై లీటర్లు. ఆయన మెషీన్ వైపు చూసి, నా వైపు చూసి, మీకెంత ఖాయం అని అడిగారు. మీటరు తప్పు చూపిస్తున్న సంగతి ఖాయం, నీటిలో ఎంతుందో ఖాయంగా తెలియదు అన్నాను. ఆయన ఆపేయమన్నారు. రక్తం వెనక్కి పంపి ట్యూబులు తీసేదాకా నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆ సాయంత్రమే ఆమెను అంబులెన్స్‌లో జగదల్‌పూర్ పంపారు. మూర్తిగారికి డాక్టరే చెప్పారు. ఆయన అంబులెన్స్ ఎక్కుతూ నా వైపు చూశారు.

నేను ఖనిజ పరీక్షశాలకు వెళ్లి ఆ కుర్ర కెమిస్టును రెండు పొట్లాలు అడిగాను. ఇచ్చాడు. "సార్, స్టోర్స్ వద్దంది కదా" అని కూడా అన్నాడు. కొత్త బఫరుతో సరిచేసి కొలిస్తే నీరు నాలుగు పాయింటు తొమ్మిది. సున్నం కలిపాం, పటిక సగం తగ్గించాం. బురద చక్కగా ముద్దకట్టి దిగింది. అన్నాళ్లూ పటిక చాలక నీరు తేరలేదనుకున్నాం. నిజానికి ఎక్కువై తేరలేదు.

రాజ్యలక్ష్మిగారి రక్తం నమూనా విశాఖపట్నం పంపారు. ఫలితానికి మూడు వారాలు పట్టింది. రాజ్యలక్ష్మిగారు మరుసటి వారమే జగదల్‌పూర్ నుంచి క్వార్టరుకు తిరిగి వచ్చారు. రోజూ సాయంత్రం కూరగాయల సంచి పట్టుకుని నేను వాళ్ల వీధిలోంచే నడిచేవాణ్ని. మాకు అటు దారి కాదు. ఆ వేళకు ఆమె గేటు దగ్గర కూరలమ్మితో బేరం చేస్తూ ఉండేవారు, సగం హిందీ, సగం హల్బీ, కోపం వస్తే తెలుగు. వేప చెట్టు దగ్గర చెప్పు సరిచేసుకుంటున్నట్టు ఆగి వినేవాణ్ని. ఒక్క అక్షరం మొద్దుబారినా నాకు తెలియాలి. ఒకరోజు ఆమె ఒక మాట మధ్యలో ఆగిపోయారు. ఎండుమిరపకాయల ఘాటుకు దగ్గు వచ్చిందట. అది తెలిసేదాకా వేప చెట్టు దగ్గరనుంచి కదల్లేదు. ఆ రాత్రి అన్నం తినలేదు.

ఫలితం వచ్చింది. మామూలుకంటే ఎక్కువ, చికిత్స అవసరమయ్యేంత కాదు, మూడు నెలలకోసారి చూడండి అని ఉంది. మూడు నెలల తర్వాత తగ్గింది. ఆమె ఆ తర్వాత చాలా ఏళ్లు ఉన్నారు, మాట చివరిదాకా స్పష్టంగానే ఉంది.

విచారణ జరిగింది. సహాయకుడి అజాగ్రత్త అని తేల్చి, జోగాను కాంట్రాక్టునుంచి తీసేయడానికి కాగితం తయారైంది. గోడమీది ఆదేశాన్ని నేను అంతకుముందే ఊడదీసి సొరుగులో పెట్టుకున్నాను. రెండురోజులు అక్కడే ఉంచాను. ఇన్నేళ్లుగా నేను దాచుకున్న కాగితాలన్నీ ఇతరులు నాకు చేసిన అన్యాయానికి సాక్ష్యాలు. ఇది ఒక్కటే నేను చేసినదానికి సాక్ష్యం. మూడోరోజు విచారణాధికారి బల్లమీద పెట్టాను. ఆయన చదివి, "స్టోర్స్ సూచన మేరకు అని రాశారు, ఆ సూచన లిఖితపూర్వకంగా ఉందా?" అన్నారు. లేదు. "మరి సంతకం?" నాదే. జోగా ఉద్యోగం నిలిచింది. నాకు హెచ్చరిక పత్రం వచ్చింది. అందులో నా ఇంటిపేరు సరిగ్గానే ఉంది.

ఇండెంటు పెట్టకముందే స్టోర్స్ నుంచి ఏడాదికి సరిపడా బఫరు పొట్లాలు వచ్చాయి. వాటితోపాటు చీటీ ఏమీ లేదు. మూర్తిగారు, నేను ఆ తర్వాత నాలుగేళ్లు ఒకే సమావేశాల్లో కూర్చున్నాం. ఆ విషయం ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆయన ఆనాడు అన్న మాట నేను మరిచిపోలేదు. కాని సీసాలో రెండూ కలిసింది ఆ మాట వల్ల కాదు, నా సంతకం వల్ల.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు చెప్పేది ఇదే. బీకరులోకి వంచిన బఫరు సింకులోకే పోవాలి, సీసాలోకి తిరిగి పోకూడదు. మీటరు చూపే అంకెను ఇంకో పద్ధతితో రోజుకొకసారి సరిచూడాలి. రిజిస్టరులో ఖాళీ వరస కనిపిస్తే సంతకం చేయకూడదు. కోపంలో ఆదేశం రాయకూడదు. దాన్ని అమలుచేసే మనిషికి ఆ కోపం సంగతి తెలియదు. రాసినదాన్ని రాసినట్టే చేస్తాడు.